కులం తెలిశాక ఖాళీ చేయమంటే: అద్దె బాకీ, అడ్వాన్సు లెక్క

జీతం కంటే ముందు కులం అడిగే ఇంటి ఓనర్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు. చెప్పకుండా చేరినా, గోడ మీద అంబేద్కర్ పటం చూశాక కొందరి మాట మారుతుంది. ఖాళీ చేయమంటారు. అద్దె ఇవ్వబోతే తీసుకోరు. రెండు నెలలు గడిచాక అదే బాకీ అవుతుంది. ఆ బాకీ పేరుతో అడ్వాన్సు మింగేస్తారు. అందుకే మేము మొదట చెప్పేది ఒక్కటే: కోపంలో అద్దె ఆపకండి.

ఓనరు అద్దె తీసుకోకపోతే ఏం చేయాలో తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకు పేరు చెప్పమని ఓనరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ తిరిగొస్తే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి.

ఈ చట్టం కింద అడ్వాన్సు నెల అద్దెకు మించకూడదు. అంతకు మించిన సొమ్ము ఓనరు చేతిలో ఉండగా, దాన్ని బాకీకి సర్దకుండా అద్దెదారును ఎగవేతదారు అనలేరని గూడూరు హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే 2005 సవరణ వల్ల కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఈ చట్టం వర్తించదు. నేటి ఇళ్లలో చాలావాటికి అగ్రిమెంటే ఆధారం. కాబట్టి అద్దె పంపిన రసీదులు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. ఖాళీ చేసేరోజు గదుల ఫొటోలు తీయండి, కరెంటు మీటరు రీడింగ్ రాసుకోండి. సున్నాలకు, రిపేర్లకు ఎంత కోశారో లెక్క రాసిమ్మని అడగండి. డబ్బు రాబట్టే దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు.

వకీలు ఖర్చుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే, దావా వేయకముందే విషయాన్ని లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. ఓనరు ఒప్పుకోకపోతే సివిల్ కోర్టు ఉంది.

పదిమంది చూసేచోట కులం పేరుతో తిట్టినా, ఆర్థిక బహిష్కరణకు దిగినా అది అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆ ఫిర్యాదును డబ్బు తగాదాలో కలపకుండా విడిగా ఇవ్వండి. "కేసు తీసేస్తే అడ్వాన్సు ఇస్తా" అనే బేరం రావచ్చు. అట్రాసిటీ కేసును లోక్ అదాలత్‌లో రాజీ చేయలేరు. అడ్వాన్సు మన కష్టార్జితం, దాన్ని మనకే వెల కట్టి అమ్మే హక్కు ఓనరుకు లేదు.