అంగిలి చూసుకున్నారా?

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో సముద్రం ఒడ్డు ఊళ్ళు చూడండి. కొందరు ఆడవాళ్ళ నోట్లో చుట్ట ఉంటుంది. పొగ వస్తుంది. నిప్పు మాత్రం కనబడదు. నిప్పు ఎక్కడుంది? నోటి లోపల ఉంది! వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. మగవాళ్ళూ తాగుతారు గాని, ఆడవాళ్ళే ఎక్కువ.

ఎందుకిలా తాగుతారు? సముద్రపు గాలికి నిప్పు ఆరదు అంటారు. నుసి చంటిబిడ్డ మీద పడదు అంటారు. చుట్ట చాలాసేపు వస్తుంది అంటారు. పన్ను నొప్పికి మొదలెట్టామనే వాళ్ళూ ఉన్నారు. చాలామంది అమ్మను చూసి, అత్తను చూసి నేర్చుకున్నవాళ్ళే. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషికి ఆ చుట్టే కాస్త విశ్రాంతి. అందుకే వాళ్ళను చూసి నవ్వడం నాకు నచ్చదు.

ఇప్పుడు నోటి సంగతి. నాలుకను పైకి తాకించండి. గట్టిగా తగిలేదే అంగిలి. ఒంటికి చర్మం ఎలాగో, అంగిలికి దాని మీది పొర అలాగ. చేతికి నిప్పు తగిలితే చెయ్యి లాగేసుకుంటాం. అంగిలి ఎక్కడికి పోతుంది? నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి కదా. అడ్డపొగ తాగేవారి నోట్లో గాలి 120 డిగ్రీల దాకా వేడెక్కుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. వేడి ఒక్కటే కాదు. పొగాకు పొగలో కేన్సరు పుట్టించే విషాలు ఎన్నో ఉన్నాయి. రెండూ కలిసి రోజూ ఒకే చోట తగులుతాయి.

మొదట అంగిలి తెల్లబడుతుంది. చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. వాటి మధ్యలో ఎర్రటి చుక్కలుంటాయి. ఉమ్మి ఊరే రంధ్రాలు వాచి అలా అవుతాయి. కొందరికి పొర బీటలు తీస్తుంది. ఎర్రమచ్చ గాని, మానని పుండు గాని కనబడితే అసలు ఆలస్యం చెయ్యకూడదు.

"నొప్పేటీ లేదు కదమ్మా, రోగమేటి?" అని మా చదువు కేంద్రంలో ఒక మామ్మ అడిగింది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు. నొప్పి వచ్చేసరికి జబ్బు ముదిరిపోవచ్చు. మిగతా చోట్ల అంగిలి కేన్సరు అరుదు. అడ్డపొగ ఉన్న ఊళ్ళలో అది ఎక్కువ. ఈ సంగతి డాక్టర్లు 1945లోనే రాశారు. తర్వాత శ్రీకాకుళం జిల్లాలో పరిశోధకులు ఊళ్ళు తిరిగి, నోళ్ళు చూసి, పొగ మానమని చెప్పారు. మానినవాళ్ళలో చాలామందికి మచ్చలు తగ్గాయి. అంటే ఇన్నేళ్ళు తాగాం, ఇప్పుడు మాని ఏం లాభం అనుకోనక్కర్లేదు.

నిప్పు బయటికి తిప్పి తాగితే సరిపోతుందా? అంగిలికి ఆ వేడి తప్పుతుంది. గొంతుకూ, ఊపిరితిత్తులకూ, గుండెకూ పొగ తప్పదు.

నెలకొకసారి అంగిలి చూసుకోండి. పగటి వెలుగులో అద్దం పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు బాగా తెరవండి. కట్టుడు పళ్ళుంటే తీసెయ్యండి. సరిగా కనబడకపోతే ఇంట్లో ఎవరినైనా టార్చిలైటు వేసి చూడమనండి. మచ్చ గాని, పుండు గాని రెండు వారాల్లో పోకపోతే ఆశా కార్యకర్తకు చెప్పండి. లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళమంటే వెళ్ళండి. అక్కడ అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మత్తు మందిస్తారు కాబట్టి అంత నొప్పి ఉండదు. ముక్క తీస్తే కేన్సరు పాకుతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. చుట్ట మానడానికి సలహా కావాలంటే 1800 112 356 నంబరుకు ఫోను చెయ్యండి. ఈ ఫోనుకు డబ్బు ఖర్చు కాదు.