బరువులెత్తిన వనిత: శ్రీమతి కరణం మల్లేశ్వరి

నెత్తిన నొక బిందె, చంకన నొక బిందె లేనిదే ప్రొద్దు గడవని వేసవులు మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టగ్రామముల పెద్దలకు బాగుగా జ్ఞాపకమున్నవి. కొండదిగువనుండి కట్టెలమోపు మోసికొని వచ్చు ముసలమ్మను చూచి యెవ్వరును వింతపడలేదు. అదే స్త్రీజాతికి చెందిన యొక పడుచు ఇనుపకడ్డీ నెత్తి బహుమానము తెచ్చెనన్నచో మాత్రము "ఆడుదానికి బరువులెత్తుట యేమి?" అని ముక్కుపై వ్రేలిడుకొనువారు నేటికిని కలరు. ఇంటిబరువు మోయవచ్చును గాని పోటీబరువు మోయరాదను ఈ ధర్మ మెక్కడిదో నాకు తెలియదు. ఆ మాటను లక్ష్యపెట్టని యొక తెలుగు వనితనుగూర్చి సోదరీమణులకు కొంచెము చెప్పవలెనని నా కోరిక.

శ్రీమతి కరణం మల్లేశ్వరి 1975 జూన్ 1వ తేదీన జన్మించెను. శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలసను ఆనుకొనియున్న ఊసవానిపేట ఆమె పెరిగిన యూరు. తండ్రి మనోహర్ గారు రైల్వే రక్షకదళములో కానిస్టేబులు. తల్లి శ్యామల గారు. కానిస్టేబులు జీతముతో పెక్కుమంది పిల్లలుగల సంసార మెట్లు సాగునో గృహిణులకు వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ యూరిలో నీలంశెట్టి అప్పన్న గారు వ్యాయామశాల నడుపుచుండిరి. అక్క నరసమ్మ అచ్చట బరువులెత్తుట చూచి, పండ్రెండేండ్ల మల్లేశ్వరికిని ఆ యభిలాష కలిగెను. ఈ సన్నని పిల్ల బరువులకు పనికిరాదని మొదట ననిరట. పిల్ల చిన్నవోయి యింటికి రాగా, ధైర్యము చెప్పినది తల్లియే. నాకు ఈ కథలో మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే. పతకముల లెక్క పత్రికలు వ్రాయును. ఆనాడు వంటయింటిలో ఆ తల్లి పలికిన మాట నెవరు వ్రాసిరి?

అక్కచెల్లెండ్రు ఒకే విద్యయందు ప్రవేశించుట లోకములో క్రొత్త గాదు. ఫ్రాన్సుదేశమున మంచుకొండలపై, కాళ్లకు పొడవైన పలకలు తొడిగికొని వాయువేగమున జారుచు పోటీపడుట గొప్ప క్రీడ. అందు క్రిస్టీన్, మరియెల్ గొయిషెల్ అను తోబుట్టువులు 1964లో ఇన్స్‌బ్రుక్ నగరమున జరిగిన ఒలింపిక్ పందెములలో పాల్గొనిరి. ఒక పందెమున అక్క ప్రథమురాలు, చెల్లెలు ద్వితీయురాలు. మరియొక పందెమున చెల్లెలు ప్రథమురాలు కాగా, అక్క యొక అమెరికా పడుచుతో సమముగా ద్వితీయస్థానము నందుకొనెను. మన మల్లేశ్వరి భాగ్యమునకును తోబుట్టువే ద్వారమయ్యెను. 1990లో అక్క కృష్ణకుమారి జాతీయ శిక్షణశిబిరమునకు పోవుచుండగా ఈమెయు తోడుగా వెళ్లెను. 1980 ఒలింపిక్ విజేతయైన లియొనిడ్ తరనెంకో గారు ఆమె నచ్చట చూచి, ఈ పిల్లయందు శక్తి గలదని గుర్తించిరి.

పిదప అభివృద్ధి త్వరితముగా జరిగెను. 1993 ప్రపంచపోటీలలో కంచుపతకము, 1994లోను 1995లోను 54 కిలోల తరగతియందు స్వర్ణపతకములు, 1996లో మరల కంచు. 1994, 1998 ఆసియా క్రీడలలో రజతములు. అర్జున, ఖేల్‌రత్న బిరుదములు, 1999లో పద్మశ్రీ లభించినవి. 1997లో రాజేశ్ త్యాగి గారిని వివాహమాడెను, ఆయనయు బరువులెత్తువారే.

అయినను ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ పోటీయే అంతవరకు లేదు. 2000 సంవత్సరమున సిడ్నీ నగరములో మొదటిసారిగా దానిని చేర్చిరి. అప్పటి కామె 54 కిలోల తరగతి విడిచి 69 కిలోల తరగతికి వచ్చియుండెను. ఆమె ఎంపికను ఆక్షేపించినవారును లేకపోలేదు.

సెప్టెంబరు 19వ తేదీ పోటీని గూర్చి కొంచెము వివరించెదను. ఇందు రెండు విధముల ఎత్తుటలు గలవు. నేలనుండి కడ్డీని ఒక్క ఊపున తలపైకి గొనిపోవుట స్నాచ్. మొదట భుజములకు తెచ్చి, ఊపిరి నిలిపి, పిమ్మట తలపైకి నెట్టుట క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్క దానికి మూడేసి అవకాశములు. రెంటిలోని హెచ్చు బరువులను కూడి, మొత్తమునుబట్టి స్థానము నిర్ణయింతురు. మల్లేశ్వరి మొదటిదానిలో 110 కిలోలెత్తెను. రెండవదానిలో 125, తరువాత 130 ఎత్తెను. మొత్తము 240. చైనా వనిత లిన్ వైనింగ్, హంగరీ వనిత ఎర్జెబెత్ మార్కుస్ ఇరువురికిని 242.5 చొప్పున వచ్చినవి. శరీరపు తూకము తక్కువైనందున స్వర్ణము చైనావనితకు దక్కెను.

మల్లేశ్వరికి ఇంకొక్క అవకాశము మిగిలియుండెను. 137.5 కిలోలు కోరిరి. అనగా 75 కిలోల వడ్లబస్తాలు రెండింటికి పండ్రెండున్నర కిలోలు మాత్రమే తక్కువ! ఎత్తినచో మొత్తము 247.5, స్వర్ణము తనదే. ఎత్తు సాగలేదు, కడ్డీ క్రిందికి వచ్చెను. 130 నుండి ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచుట యేల, 135 చాలదా యని కాగితముపై కూడికలు వేసి యడుగువారు నేటికిని గలరు. నిజమే, 135 ఎత్తినను మొత్తము 245 అయ్యెడిది. కాని పోటీ జరుగుచుండగా ఎదుటివారి లెక్కయు మారుచునే యుండును. తీరికగా కూర్చుండి కూడినవారి ధైర్యము వేరు, కడ్డీముందు నిలిచినవారి ధైర్యము వేరు. స్వర్ణమునకు సాహసించి కంచుతో నిలిచినందుకు నే నామెను తప్పుపట్టజాలను.

ఆ కంచుపతకమే ఒలింపిక్ క్రీడలలో భారతస్త్రీకి లభించిన మొట్టమొదటి పతకము. సిడ్నీలో మన దేశమంతటికిని దక్కినదియు అదొక్కటియే.

2001లో ఆమెకు కుమారుడు కలిగెను. మరల సాధన మొదలిడి 2002 కామన్‌వెల్తు క్రీడలకు సిద్ధమగుచుండగా తండ్రి గతించుటచే వానిని మానుకొనెను. 2004లో ఏథెన్సునకు పోయినను వెన్నునొప్పి ఆమెను పోటీ ముగియనీయలేదు. అంతటితో విరమించి, హర్యానాలోని యమునానగరమున స్థిరపడి, అచ్చట పిల్లలకు బరువులెత్తుట నేర్పు శాల నెలకొల్పెను. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షురాలుగా నియమింపబడెను. ఆ సంవత్సరముననే టోక్యోలో మణిపూరు పడుచు మీరాబాయి చాను 49 కిలోల తరగతియందు రజతము గెలిచెను. సిడ్నీ పిమ్మట బరువులెత్తుటలో భారతదేశమునకు మరియొక ఒలింపిక్ పతకము వచ్చుటకు ఇరువదియొక్క యేండ్లు పట్టెను.