ఉప్పునీరు ఆమ్లమా, క్షారమా, తటస్థమా?

సరిహద్దు గ్రామాలలో మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో మరొక భాషలో చదువుతారు. బళ్లారి వైపు కన్నడ పుస్తకంలో ‘లవణ’ అని, హోసూరు వైపు తమిళ పుస్తకంలో ‘ఉప్పు’ అని ఉంటుంది. తమిళంలో క్షారానికి ‘కారం’ అని పేరు. మన పిల్లవాడు దానిని మిరపకారమనుకున్నా ఆశ్చర్యం లేదు! రసాయనశాస్త్రంలో లవణమంటే కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు. చాకలిసోడా, వంటసోడా, పటిక, మైలుతుత్తం, పొలంలో చల్లే అమ్మోనియం సల్ఫేటు అన్నీ లవణాలే.

ఆమ్లమూ క్షారమూ కలిసి లవణమైనప్పుడు అది తటస్థంగానే ఉండాలి కదా అని పెద్దలు కూడా భావిస్తారు. అది అన్నివేళలా నిజం కాదు. వంట ఉప్పు బలమైన ఆమ్లం, బలమైన క్షారాల సంతానం, కనుక తటస్థం. చాకలిసోడాలో ఆమ్లభాగం బలహీనం, క్షారభాగం బలమైనది. దాని ద్రావణం క్షారగుణం చూపుతుంది. పటికలో ఇందుకు విరుద్ధం, కాబట్టి ఆమ్లగుణం. లవణం నీటితో జరిపే ఈ చర్యనే జలవిశ్లేషణ అంటారు.

పరీక్షకు తెల్లకాగితంపై పసుపు ముద్ద పూసి ఆరబెట్టండి. చాకలిసోడా నీటిచుక్క పడగానే ఎర్రబడుతుంది. ఉప్పునీటికి, పటికనీటికి రంగు మారదు. ఇక్కడే చాలామంది విద్యార్థులు రెండూ తటస్థమని రాసేస్తారు. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. నీలి లిట్మస్ కాగితాన్ని పటికనీటిలో ముంచితే ఎర్రబడుతుంది, ఉప్పునీటిలో మారదు. ఎర్ర, నీలి లిట్మస్‌లు రెండూ మారనప్పుడే తటస్థమనాలి. బోరునీటిలో ముందే లవణాలుంటాయి గనుక బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. మైలుతుత్తం విషం, దేనినీ రుచి చూసి తేల్చరాదు.

ఈ పాఠం పొలానికీ పనికివస్తుంది. తుంగభద్ర కాలువల కింద సిరుగుప్ప, గంగావతి ప్రాంతాల రైతులకు చౌడు కొత్త కాదు. పాలచౌడులో ప్రధానంగా తటస్థ లవణాలుంటాయి. మంచినీరు కట్టి, మురుగుకాలువ ద్వారా కడిగివేయాలి. కారుచౌడులో సోడా జాతి లవణాలు చేరి నేల బిగుసుకుంటుంది, నీరు ఇంకదు. దానికి జిప్సం కావాలి. పాలచౌడుకు జిప్సం వేస్తే డబ్బు వృథా. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరిన నీటిని పసుపు కాగితంపై వేస్తే ఎర్రబడినచో కారుచౌడని అనుమానించవచ్చు. ఎకరాకు ఎంత జిప్సమో మాత్రం భూసార పరీక్ష చేయించి, ఆ నివేదికను బట్టి నిర్ణయించుకోవాలి.