తుక్కులో పోయిన పాట... అటక మీద దొరికింది!

రైలు వస్తే పాట ఆగిపోవాల్సిందే.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రిచ్‌మండ్ అని ఓ చిన్న ఊరు. అక్కడ స్టార్ అనే పియానోల ఫ్యాక్టరీ. ఆ ఆవరణలోనే షెడ్డు లాంటి ఓ గది... అదే రికార్డింగ్ స్టూడియో. పక్కనే రైలు పట్టాలు! బండి వస్తోందంటే చాలు, కళాకారులు వాయిద్యాలు దించేసి అది వెళ్లిపోయేదాకా కాచుక్కూర్చునేవారు. 1923 ఏప్రిల్ 5న షికాగో నుంచి ఓ నల్లజాతి బృందం ఆ ఊళ్లో దిగింది. నాయకుడు కింగ్ ఆలివర్. ఆయన పక్కన రెండో కార్నెట్ వాయించే కుర్రాడికి 21 ఏళ్లు. పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్.

అప్పటికింకా స్టూడియోల్లోకి మైకులు రాలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద బూర ముందు అందరూ నిలబడి వాయించాలి. ఆ శబ్దానికి బూర అవతల ఓ ముల్లు అదురుతూ మైనపు పళ్లెం మీద గాడి గీస్తుంది. మైనం గట్టిపడకూడదని గదిని వేడిగా ఉంచేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదుతుంటే ఆ ధాటికి మిగతావాళ్లెవరూ వినపడలేదట. దాంతో అతణ్ని దూరంగా ఓ మూలకు పంపేశారని పియానో వాయించిన లిల్ హార్డిన్ (తర్వాత ఆమే అతని భార్య అయింది) చెప్పేది. ఆ రెండు రోజుల్లో పుట్టిందే ‘చైమ్స్ బ్లూస్’ రికార్డు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటరిగా వాయించగా రికార్డయిన మొదటి వాదన అందులోనే ఉంది.

జాజ్ చరిత్రలో ఇంత గొప్ప ఘట్టాన్ని పట్టుకున్నది విక్టర్, కొలంబియా లాంటి దిగ్గజాలు కాదు... పియానోలు చేసుకునే ఓ కంపెనీ! ఆ రికార్డుల మీద ఉండే పేరు ‘జెనెట్’. ఫ్యాక్టరీ యజమానుల ఇంటిపేరు అది.

కుర్చీలు అమ్మేవాళ్లు... పాటలు అమ్మారు

నిజానికి మొట్టమొదటి జాజ్ రికార్డు వేసింది విక్టరే, 1917లో. అందులో వాయించినవాళ్లు మాత్రం తెల్లవాళ్లు. ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లవాళ్లు రికార్డులు కొంటారని పెద్ద కంపెనీలు అనుకోలేదు. 1920లో ఓకే అనే కంపెనీ మామీ స్మిత్ అనే నల్లజాతి గాయనితో ‘క్రేజీ బ్లూస్’ పాడించింది. అది విరగబడి అమ్ముడైంది. ఆ మరుసటి ఏడాదే హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి న్యూయార్క్‌లో ‘బ్లాక్ స్వాన్’ పెట్టాడు. మూడేళ్లు తిరక్కుండానే దివాలా తీసినా, మార్కెట్ ఉందని అందరికీ తెలిసొచ్చింది. అదే సమయంలో విక్టర్ వేసిన పేటెంటు దావాలో కోర్టులు స్టార్ కంపెనీ పక్షాన నిలవడంతో చిన్నవాళ్లకు దారి దొరికింది.

వీళ్లంతా కళాపోషకులనుకుంటే పొరపాటే. ‘జెనెట్’ డబ్బిస్తే ఎవరి రికార్డయినా అచ్చేసి ఇచ్చేది. ఆలివర్ బృందం వాయించిన చోటే, నల్లవాళ్ల మీద దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ మూకలు తమ పాటల్నీ అచ్చేయించుకున్నాయి!

విస్కాన్సిన్‌లోని ‘పారామౌంట్’ కథ మరీ చిత్రం. దాని మాతృసంస్థ కుర్చీల కంపెనీ. కుర్చీలతోపాటు గ్రామఫోన్ పెట్టెలు చేసేవారు. పెట్టెలు అమ్ముడవ్వాలంటే రికార్డులుండాలి కదా... అలా సంగీతంలోకి దిగారు. పొదుపు కోసం నాసిరకం ముడిసరుకు వాడేవారు. కొత్త రికార్డు పెట్టినా బర్రుమనే శబ్దం వచ్చేది. అయితేనేం, మా రెయినీ, జెల్లీ రోల్ మోర్టన్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్, చార్లీ ప్యాటన్... జాజ్‌కీ బ్లూస్‌కీ మూలపురుషులనదగ్గ వాళ్లంతా ఆ కుర్చీల కంపెనీ రికార్డుల్లోనే వినపడతారు.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. 1927లో అమెరికాలో 10 కోట్లకు పైగా అమ్ముడైన రికార్డులు 1932 నాటికి సుమారు 60 లక్షలకు పడిపోయాయి. జనానికి రేడియోలో పాట ఉచితంగా దొరుకుతోంది మరి! ‘పారామౌంట్’ 1932లో రికార్డింగులు ఆపేసింది. ఒక్కో పాటకు మూలమైన లోహపు మాస్టర్లను ఏం చేశారో తెలుసా? తుక్కు కింద అమ్మేశారు. కొన్నింటిని కోళ్లగూళ్లకు కన్నాలు మూయడానికి వాడుకున్నారని చెబుతారు. కోపంతో ఉన్న కార్మికులు రికార్డుల్ని పక్కనున్న మిల్వాకీ నదిలోకి విసిరేశారనీ ఓ కథ ఉంది. 2006లో ఓ టీవీ కార్యక్రమం వాళ్లు గజ ఈతగాళ్లను దింపి మరీ వెతికించారు. ఒక్క రికార్డూ దొరకలేదు.

అంటే కంపెనీ దగ్గర ఏమీ మిగల్లేదు. మిగిలిందల్లా ఒకప్పుడు కొనుక్కున్నవాళ్ల ఇళ్లలో, అరిగిపోయి, గీతలు పడి ఉన్న రికార్డులే.

తలుపు తట్టి... ‘పాత రికార్డులున్నాయా?’

సేకర్తల అవసరం ఇక్కడే వచ్చింది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్ పట్టణానికి చెందిన జో బసార్డ్ వీళ్లలో పేరుమోసినవాడు. కారేసుకుని వర్జీనియా కొండల్లోని గని కార్మికుల పల్లెలకు వెళ్లి ఒక్కో తలుపూ తట్టేవాడు. అలా కూడబెట్టినవి 15 వేలకు పైనే. ఇంటి కింది గదిలో నేల నుంచి పైకప్పు దాకా రికార్డులే! 1933 తర్వాత అసలు జాజే లేదని అందరితో వాదన పెట్టుకునేవాడు. ఆయన లెక్కన మనమంతా తొంభై ఏళ్లుగా ఏదో వింటున్నామన్నమాట! ఇంటికొచ్చినవాళ్లకు మాత్రం అడిగిందల్లా వేసి వినిపించేవాడు. 2022లో కన్నుమూశాడు.

ఓసారి వర్జీనియాలో ఓ పెద్దాయన మంచం కింద నుంచి ఓ పెట్టె లాగి చూపించాడు. అందులో నెమలి బొమ్మ ఉన్న రికార్డులు కనిపించేసరికి బసార్డ్‌కు గుండె ఆగినంత పనైంది. అవి ‘బ్లాక్ ప్యాటీ’వి. 1927లో షికాగోలో పుట్టి కొద్ది నెలల్లోనే మూతపడిన కంపెనీ. అది వేసినవే 55 రికార్డులు. ఆ దొంతర మొత్తానికి బసార్డ్ ఇచ్చింది 10 డాలర్లు! అందులో ఒకటి ఇంకెక్కడా దొరకని రికార్డు. తర్వాత దానికి వేల డాలర్లు ఇస్తామన్నా ఆయన కదల్లేదు.

ఇది దురాశ కాదా అని అడగొచ్చు. కొంత నిజమే, దాచుకుని ఎవరికీ వినిపించనివాళ్లూ ఉన్నారు. కానీ ఇప్పుడు మనం సీడీల్లో, కంప్యూటర్లో వినే తొలితరం జాజ్‌లో చాలా భాగం ఇలాంటి ఇళ్లలోని రికార్డుల నుంచి ఎక్కించుకున్నదే. ‘జెనెట్’ 5275 నంబరు సంగతే చూడండి. కింగ్ ఆలివర్ బృందం 1923 అక్టోబరులో వాయించిన ‘జులూస్ బాల్’ అందులో ఉంది. లోకం మొత్తమ్మీద ఒకే ఒక్క కాపీ బయటపడిందని సేకర్తలు చెబుతారు. ఎవరో ఒకరు దాన్ని పారెయ్యకపోబట్టే ఆ మూడు నిమిషాలు మిగిలాయి.

సేకర్త ముందుగా చూసేది కంపెనీ పేరు కాదు. లేబులు పక్కన, గాడులు లేని నున్నటి భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు. దాన్నిబట్టే అది ఏ రోజు, ఎన్నోసారి వాయించిందో తేలుతుంది. ఎందుకంత పట్టింపు అంటారా? మన కచేరీల్లో అదే విద్వాంసుడు అదే రాగం పాడినా నిన్నటి ఆలాపన ఈ రోజు ఉండదు కదా! జాజ్ కూడా అంతే. మొదటిసారి వాయించిన వరస రెండోసారి రాదు. పైగా ఒకే మాస్టర్‌ను వేరే పేరుతో, కళాకారులకు దొంగ పేర్లు తగిలించి చౌక రికార్డులుగానూ అమ్మేవారు. ‘జెనెట్’ వాళ్ల ‘ఛాంపియన్’ అలాంటిదే. ఆ చిక్కుముడులు విప్పడానికి పారిస్‌లో చార్ల్స్ డెలొనే 1936లోనే ‘హాట్ డిస్కోగ్రఫీ’ పేరుతో ఏకంగా ఓ పుస్తకం వేశాడు.

మన లక్కే!

ఇంతకీ ఆ నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లటి రికార్డులు దేంతో చేసేవారు? మన లక్కతో! మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు విడిచే జిగురును కరిగించి, శుభ్రం చేస్తే షెల్లాక్. దానికి రాతిపొడి, మసి, నూలు పీచు లాంటివి కలిపి అచ్చు వేస్తే రికార్డు. ఇప్పటి జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజనులు గీకి తెచ్చిన లక్కే ఓడలెక్కి అమెరికా వెళ్లేది. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజులుగా మెరిసే లక్క, అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుగా మారిందన్నమాట.

ఆ లక్కే ఓసారి రికార్డుల ప్రాణం మీదికి తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో సరకు రవాణా కష్టమైంది. మందుగుండుకూ లక్క కావాలి. దాంతో 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. కొత్తది కావాలంటే పాత రికార్డు తెచ్చివ్వమన్నారు దుకాణాలవాళ్లు. అలా కరిగిపోయినవాటిలో ఏమేం ఉన్నాయో!

దుకాణం లోంచి పుట్టిన లేబుల్

కొందరు సేకర్తలకు, అభిమానులకు దాచుకోవడంతో తృప్తి తీరలేదు. న్యూయార్క్‌లో 42వ వీధిలో మిల్ట్ గేబ్లర్‌కు ‘కమొడోర్’ అనే రికార్డుల కొట్టుండేది. దొరకని పాత రికార్డుల్ని అనుమతి తీసుకుని మళ్లీ అచ్చేయించడం మొదలెట్టి, 1938లో సొంత లేబుల్ పెట్టేశాడు. మరుసటి ఏడాది బిల్లీ హాలిడే ఓ పాట పట్టుకొచ్చింది. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’... నల్లవాళ్లను చెట్లకు ఉరితీసే దారుణం మీద పాట. ఆమెతో ఒప్పందమున్న కొలంబియా కంపెనీ వెయ్యనంది. 1939 ఏప్రిల్ 20న ‘కమొడోర్’ వేసింది. ఒక కొట్టు యజమాని చేసిన ధైర్యం పెద్ద కంపెనీ చెయ్యలేకపోయింది! (ఆస్కార్ వేడుకలకు తొమ్మిదిసార్లు వ్యాఖ్యాతగా చేసిన బిల్లీ క్రిస్టల్ ఈ గేబ్లర్‌కు మేనల్లుడే.)

అదే 1939లో జర్మనీ నుంచి వలస వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్ ‘బ్లూ నోట్’ ప్రారంభించాడు. హిట్లర్ బారి నుంచి తప్పించుకొచ్చిన చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆ తర్వాత తోడయ్యాడు. రికార్డింగుకు ముందు సాధన చేసుకోవడానికీ డబ్బులిచ్చిన పుణ్యాత్ములు వీళ్లు. 1947లో థెలోనియస్ మాంక్‌తో వేసిన రికార్డులు సరిగా అమ్ముడుపోకపోయినా అతణ్ని వదల్లేదు. 1950ల్లో వీళ్ల రికార్డింగులు చేసిన ర్యూడీ వాన్ గెల్డర్ పగలు కళ్లద్దాల డాక్టరు. స్టూడియో ఎక్కడంటే... అమ్మానాన్నల ఇంటి హాల్లో! ఆ ఎల్పీలే ఇప్పుడు సేకర్తల కలలు. నున్నటి భాగంలో ‘చెవి’ ఆకారంలో ఓ గుర్తుంటే అసలైన తొలి అచ్చుల ఫ్యాక్టరీదని లెక్క. లేబులు మీద కంపెనీ చిరునామా ఏ వీధిదో చూసి ఏ ఏటిదో చెప్పేస్తారు. ‘బ్లూ నోట్’ చేతులు మారినా టేపులు భద్రంగా ఉండటంతో 1970ల్లో మైకేల్ కస్కునా వాటిని తవ్వి, విడుదలే కాని రికార్డింగులెన్నో బయటికి తెచ్చాడు. ‘పారామౌంట్’ ఆ పాటి జాగ్రత్త పడి ఉంటే!

కలకత్తాలో ఓ పియానో

జాజ్ మన దేశానికీ వచ్చింది. 1926లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి షికాగోలో రికార్డు చేసిన పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ ఆసియా బాట పట్టి, షాంఘై మీదుగా బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు, అక్కణ్నుంచి కలకత్తా గ్రాండ్ హోటల్‌కు చేరాడు. యుద్ధకాలంలో అక్కడే రికార్డులిచ్చాడు. 1945లో కలరాతో కలకత్తాలోనే పోయాడు. పాత సామాన్ల కొట్లలో ఇలాంటివి కనిపించే అవకాశం ఉంది.

అలాగని అటక మీది ప్రతి రికార్డూ లక్షలు తెస్తుందనుకోకండి. లక్షల్లో అమ్ముడైనది ఎంత పాతదైనా ధర పలకదు. ఎవరూ కొననిదే ఇప్పుడు అపురూపం! ఇంట్లో 78 రికార్డులుంటే నిలువుగా పేర్చండి, ఎండ తగలనివ్వకండి. స్పిరిట్‌తో మాత్రం తుడవకండి... లక్క కరిగిపోతుంది. పాత గ్రామఫోన్ అయితే ఒక్కో వైపుకీ ముల్లు మార్చాల్సిందే.

వినాలనుకునేవాళ్లకు ఓ మంచి కబురు. 2018లో వచ్చిన చట్టం వల్ల 1923 నాటి రికార్డింగులన్నీ 2024 జనవరి 1 నుంచి అమెరికాలో అందరి సొత్తయ్యాయి. రిచ్‌మండ్‌లో ఆలివర్ బృందం వాయించినవీ అందులో ఉన్నాయి. ఆలివర్‌కు మాత్రం వాటి వల్ల ఒరిగింది తక్కువే. పళ్లు పాడై వాయించలేక, సవన్నా పట్టణంలో ఓ పూల్ హాల్లో ఊడ్చే పని చేస్తూ 1938లో చనిపోయాడు.

వేట మాత్రం ఆగలేదు. 2013లో టామీ జాన్సన్ పాడిన ఓ ‘పారామౌంట్’ బ్లూస్ రికార్డును అమెరికా సేకర్త జాన్ టెఫ్టెలర్ 37,100 డాలర్లు పెట్టి కొన్నాడు. అదే కంపెనీ 13099 నంబరు... విల్లీ బ్రౌన్ పాడినది... ఒక్క కాపీ కూడా ఎవరి కంటా పడలేదు. తెచ్చిచ్చినవాళ్లకు 25 వేల డాలర్లు ఇస్తానని టెఫ్టెలర్ ప్రకటించాడు. ఒక పాట పేరు ‘విండో బ్లూస్’, రెండోది ‘కికింగ్ ఇన్ మై స్లీప్ బ్లూస్’. ప్రస్తుతానికి పేర్లు మాత్రమే తెలుసు.