మీకు తెలుసా? ఇంకో తూరి

చిలమత్తూరు మండలంలో కొడికొండ చెక్‌పోస్టు దాటి నాలుగడుగులు వేస్తే కర్ణాటక. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు పరుగెత్తే కార్లకు మా ప్రాంతం ఒక పచ్చ బోర్డు, రెండు టీ కొట్లు, అంతే. ఇక్కడి సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. అయినా ఒక మాట మాత్రం ఎవరి నోట విన్నా సీమ మాటే. కోస్తావాళ్ళు ‘సారి’ అనే చోట మేము ‘తూరి’ అంటాం.

ఈ మాటను ఎక్కువగా వాడేది చెనక్కాయ రైతు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదైనా అడిగిన నెలలో రాదు. జూన్, జులైలో పదును చూసి గొర్రు కట్టి విత్తనం వేస్తాడు. సరిగ్గా ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. కాయ పట్టదు, పశువులకు కట్టె మిగులుతుంది. అప్పు తీరలేదు కదా అని అడిగితే “ఇంకో తూరి చూద్దాంలే” అంటాడు. దీన్ని ధైర్యం అనాలో, వేరే దారి లేకపోవడం అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ తూరి మన కాలమ్‌లో అలాంటి ‘ఇంకో తూరి’ మనుషులే. అందరూ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కలవాళ్ళో, ఇక్కడి జనం ఓట్లతో గెలిచినవాళ్ళో.

*

ధర్మవరం అనగానే పట్టుచీర గుర్తొస్తుంది. అదే ధర్మవరం మండలంలో తోలుతో రాముణ్ణి, రావణుణ్ణి చేసే ఊరు ఒకటుందని మీకు తెలుసా?

ఆ ఊరు నిమ్మలకుంట. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే అది వెలుతురు దూరేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో చుక్కలు తొలుస్తారు. అసలు పనితనమంతా ఆ చుక్కల్లోనే. రంగు వేసిన బొమ్మను తెర వెనక దీపానికి అడ్డం పెడితే, ఆ చిల్లులే కిరీటంలో రవ్వలవుతాయి, మెడలో హారాలవుతాయి. బొమ్మకు కీళ్ళుంటాయి. చేయి ఊపుతుంది, నడుం వంచుతుంది. కొన్ని బొమ్మలు దాదాపు మనిషెత్తు ఉంటాయి.

ఒకప్పుడు ఈ కుటుంబాలు బొమ్మల పెట్టెలు బండికెత్తుకుని ఊరూరా తిరిగేవి. తెర వెనక ఇంటిల్లిపాదీ ఉండేవారు. ఒకరు బొమ్మ ఆడిస్తే ఒకరు పద్యం ఎత్తుకునేవారు, ఇంకొకరు తాళం వేసేవారు, ఆడవాళ్ళు గొంతు కలిపేవారు. రామాయణ, భారత కథలు తెల్లవార్లూ నడిచేవి. జనానికి నిద్ర ముంచుకొచ్చే వేళకు నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకేవారు. వాళ్ళ మాటలు పిల్లల ముందు చెప్పదగ్గవి కావని పెద్దలు విసుక్కునేవారు గానీ, లేచి వెళ్ళినవాడు మాత్రం ఎవడూ లేడు. కరువు వస్తే విరాటపర్వం ఆడించడం కూడా ఉండేది. ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. మా సీమలో ఆ నమ్మకానికి పని ఎప్పుడూ తక్కువ కాలేదు.

తర్వాత సినిమా వచ్చింది. ఆ వెనకే టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చునేవాడు కరువయ్యాడు. బొమ్మలాటను ప్రభుత్వ ప్రచారానికి వాడుకున్న రోజులూ ఉన్నాయి గానీ, వాటితో కుండ నిండదు. చాలా చోట్ల ఆటగాళ్ళు పెట్టెలు మూసి కూలికి పోయారు. నిమ్మలకుంట వాళ్ళు చేసిన పని వేరు. ఆట ఆగితే ఆగింది, చెయ్యి ఆగకూడదనుకున్నారు. అదే తోలుతో, అవే ఉలులతో దీపాల మీద పెట్టే ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే పటాలు, తలుపులకు కట్టే తోరణాలు చేయడం పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ఇచ్చారు. ఎనభై దాటిన వయసులో అందిన గౌరవం అది.

కళ కాస్తా ల్యాంప్ షేడ్ అయిపోయిందని పెదవి విరిచేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు పేచీ. తోలు వెనక దీపం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పొయ్యి వెలగని ఇంట్లో ఏ కళ బతికిందో వాళ్ళే చెప్పాలి. పైగా ల్యాంప్ షేడ్ మీద తొలిచే చేతికి రావణుడి పది తలలు ఇంకా గుర్తున్నాయి. ఎవరైనా పిలిచి తెర కట్టిస్తే ఆ రాత్రికి మళ్ళీ లంక తగలబడుతుంది.

*

తను రాసిన పుస్తకమే పాఠంగా ఉన్న పరీక్షలో ఫెయిలైన కవి ఎవరు?

పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో అనంతపురం దగ్గర చియ్యేడులో పుట్టారు, పెరిగింది పెనుకొండలో. 1565లో తళ్ళికోట యుద్ధంలో అంతా పోగొట్టుకున్న విజయనగర రాజులు హంపి వదిలి వచ్చి మళ్ళీ కొలువు తీర్చిన ఊరు అది. కొండ మీద కూలిన బురుజుల మధ్య ఆడుకున్న పిల్లవాడు, ఆ శిథిలాలను చూసి ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశాడు. మీసం కూడా రాని వయసది. కొన్నేళ్ళ తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, ఆ పరీక్షకు పెట్టిన పాఠ్యపుస్తకాల్లో తన కావ్యమే ఉంది. దాని మీద వచ్చిన ఒక్క ప్రశ్నకే జవాబు రాస్తూ పోయి మిగతావి వదిలేశారని, అలా తప్పారని చెప్పుకుంటారు. కవిని అడగకూడని ప్రశ్న అడిగితే అంతే మరి.

ఇంకొకరైతే ఆ కాగితం చించేసి ఊరుకునేవారు. ఈయన మళ్ళీ రాసి ప్యాసయ్యి, పంతులుగా బతుకుతూనే ‘శివతాండవం’ రాశారు. తెలుగు, సంస్కృతం, కన్నడం, తమిళం ఇలా పద్నాలుగు భాషలు వచ్చంటారు. పెనుకొండలో ఉండగా సంగీతమూ నాట్యమూ కూడా నేర్చుకున్నారు. తాండవానికి ఆ నడక ఎక్కడిదో దీన్ని బట్టి తెలుస్తుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. మార్కుల జాబితా చూసి పిల్లల్ని తిట్టే తండ్రులకు ఈ కథ అప్పుడప్పుడూ చెబుతుంటాను. పెద్దగా పనిచేసినట్టు లేదు.

*

హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచిన ఒకాయన తర్వాత రాష్ట్రపతి అయ్యారు. తెలుసా?

నీలం సంజీవరెడ్డి 1967లో ఇక్కడి నుంచే గెలిచి స్పీకరయ్యారు. 1969లో ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడితే, సొంత పార్టీలోనే చీలిక వచ్చి వి.వి. గిరి చేతిలో ఓడారు. 1971లో అనంతపురం నుంచి లోక్‌సభకు పోటీ చేస్తే అదీ పోయింది. సొంతూరు ఇల్లూరు వెళ్ళి సేద్యం చూసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కింది ఒక్కటే. నంద్యాల, అభ్యర్థి ఈయనే. అదే ఏడాది రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే 36 చెల్లలేదు, ఈయన పోటీ లేకుండా గెలిచారు. ఇప్పటిదాకా రాష్ట్రపతి ఎన్నికల్లో అలా గెలిచినవారు మరొకరు లేరు.

నిజం చెప్పాలంటే, ఓడినప్పుడు వెళ్ళి కూర్చోవడానికి ఇల్లూరులో పొలం ఉన్నవాడి పట్టుదల వేరు, కౌలుకు తీసుకున్న నాలుగెకరాలు ఎండినవాడి పట్టుదల వేరు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేం.

*

మడకశిర వైపు హేమావతి ఉంది. వెయ్యేళ్ళ కిందట నొళంబ రాజుల రాజధాని. ఇప్పుడు ఆ పంచాయతీ పేరు వార్తల్లోకి ఎక్కించింది రాజులు కాదు, క్రికెట్ ఆడే ఒక అమ్మాయి. ఎవరో తెలుసా?

టి.సి. దీపిక. అమరాపురం మండలం తంబలహట్టి పిల్ల. పసితనంలోనే చూపు పోయింది. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. చదువు సరిహద్దు అవతల కర్ణాటకలో సాగింది, క్రికెట్ పరిచయమైందీ బడిలోనే.

అంధుల క్రికెట్ ఎలా ఆడతారో చాలామందికి తెలియదు. బంతి తెల్లటి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలరు చెయ్యి కిందుగా వేస్తుంది. వేసే ముందు ‘రెడీనా’ అని అడిగి, వదిలేటప్పుడు ‘ప్లే’ అని అరవాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపులేనివాళ్ళు ఉండి తీరాలి. వాళ్ళు కొట్టిన పరుగు రెండుగా లెక్క. అంటే మైదానంలో గొంతు, చెవి, నమ్మకం ఈ మూడే ఆట. అందుకే బంతి కదిలేటప్పుడు ప్రేక్షకులు చప్పుడు చేయకూడదు. మన ఊళ్ళో మ్యాచ్ పెడితే ఆ ఒక్క నిబంధన దగ్గరే ఆట ఆగిపోతుందని నా అనుమానం.

అంధుల్లో మగవాళ్ళకు టీ20 ప్రపంచకప్ 2012లోనే మొదలైంది. ఆడవాళ్ళకు 2025 దాకా ఆగాల్సి వచ్చింది. ఆరు దేశాలు ఆడాయి. నవంబరు 23న కొలంబోలో జరిగిన ఫైనల్లో నేపాల్‌ను 114 పరుగులకు కట్టడి చేసి, 7 వికెట్ల తేడాతో భారత్ గెలిచింది. ఆ టోర్నీలో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కెప్టెన్ దీపిక. జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి పాంగి కరుణకుమారి కూడా ఉంది.

కప్పు కన్నా నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిని కలిసినప్పుడు ఆమె తన ఊరికి సరైన రోడ్డు లేదని చెప్పింది. రోడ్లు మంజూరయ్యాయి. ప్రపంచకప్ గెలిచొస్తే గానీ ఆ ఊరికి తారు పడే యోగం లేదన్న మాట. ఈ సంగతి విన్నప్పుడు సంతోషమూ సిగ్గూ రెండూ కలిగాయి.

*

ఇక మా గడప దగ్గరికే వద్దాం. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా వచ్చే కొంగలు సైబీరియావి కావని తెలుసా?

జనం వాటిని సైబీరియా కొంగలనే పిలుస్తారు. పసుపు ముక్కు, రెక్కల్లో గులాబీ రంగు ఉండే ఈ ఎర్రకాళ్ళ కొంగలు మన దక్షిణాసియావే. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి. చలికాలంలో వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్లలు పెరిగేది నడి ఎండల్లో. మధ్యాహ్నం తల్లికొంగ గూటి మీద నిలబడి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. గంటల తరబడి అలాగే ఉంటుంది. చెరువులు ఎండితే చేప కోసం చాలా దూరం పోయి రావాల్సిందే. ఒక్కో గూడు కింద చేపల కంపు, రెట్టలు, ఇల్లు ఊడ్చుకునేవాళ్ళకు రోజూ రెండు పనులు. అయినా కొమ్మ నరకరు, రాయి విసరరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని చెబుతారు.

వాన లేని ఏడు కొంగలు పలచనవుతాయి. అప్పుడు ఊళ్ళో ఎవరినైనా కదిపి చూడండి. చెరువు వైపు ఒక చూపు, చింతచెట్టు వైపు ఒక చూపు. చెనక్కాయ గురించి చెప్పే మాటే కొంగల గురించీ చెబుతారు.