పాత కారుకు ఫ్యాన్ బెల్టు వదులైతే ప్రయాణమే ఆగుతుంది: ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఇదీ

పండగ పూట కొవ్వూరు నుంచి రాజమండ్రిలో ఉన్న నానీ ఇంటికి ఒక కుటుంబం పాత మారుతి 800లో బయలుదేరిందనుకుందాం. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో సేమియా గిన్నె. రోడ్ కం రైలు బ్రిడ్జి సగం దాటేసరికి డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. కారు మాత్రం మామూలుగానే నడుస్తోంది. 'బ్యాటరీ సంగతే కదా, ఇంటికెళ్లాక చూద్దాం' అనుకుంటే అక్కడే పొరపాటు మొదలవుతుంది.

1974లో రాకపోకలు మొదలైన ఈ బ్రిడ్జి మీద రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. కింద రైళ్లు, పైన ఎదురెదురుగా బండ్లు. తీరిగ్గా పక్కకు తీసి ఆపుకునే చోటు కాదు. కాలవ గట్ల మీద సన్నటి రోడ్లదీ అదే పరిస్థితి. అందుకే బెల్టు పరీక్ష ఇంటి ముందే అయిపోవాలి. దానికి పట్టేది పది నిమిషాలు.

ఒక్క బెల్టు, రెండు పనులు

ఇంజిన్ ముందు భాగంలో కప్పీల మీద తిరిగే రబ్బరు బెల్టునే మనవాళ్లు ఫ్యాన్ బెల్టు అంటారు. అంబాసిడర్‌లో ఇదే రేడియేటర్ ఫ్యాన్‌ను, వాటర్ పంపును, డైనమో లేదా ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. మారుతి 800లో ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. వాటర్ పంపు, ఆల్టర్నేటర్ మాత్రం బెల్టు మీదే ఆధారం. కాబట్టి ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ధీమా పడకూడదు. బెల్టు జారితే బ్యాటరీకి చార్జింగ్ తగ్గుతుంది. తెగితే ఇంజిన్‌లో నీళ్ల ప్రసరణ కూడా ఆగిపోతుంది. మారుతి ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. బాగా వేడెక్కితే వంకర పోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. చిన్న బెల్టుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవన్నీ వయసు మీరిన బండ్లే. వాటికి ఈ పరీక్ష మరీ అవసరం.

ముందుగా కనిపించే గుర్తులు

పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే కీచుమని అరుపు రావడం మొదటి గుర్తు. హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు ఆ అరుపు పెరిగితే బెల్టు జారుతున్నట్టే. వానలో తడిసినప్పుడు కాసేపు అరిచి ఆగిపోతే కంగారు లేదు. ఆరాక కూడా అరిస్తే మాత్రం చూడాలి. కొందరు బెల్టుకు సబ్బు రాస్తారు. దానివల్ల అరుపు తగ్గుతుందేమో గానీ రోగం తగ్గదు.

చూసే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి బోనెట్ ఎత్తాలి. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు దగ్గర చెయ్యి పెట్టకూడదు. చున్నీ, లుంగీ, పొడవు చేతుల చొక్కా కప్పీల దగ్గరికి పోకుండా చూసుకోవాలి.

టార్చి వేసి బెల్టు లోపలి వైపు చూడాలి. పగుళ్లు, ఊడిన దారాలు, అద్దంలా మెరుపు, ఆయిల్ మరకలు ఉంటే బిగించి లాభం లేదు, కొత్తది వేయాల్సిందే. బెల్టు అరిగి కప్పీ గాడి అడుగుకు తగులుతున్నా అంతే. బెల్టు పట్టు దాని పక్కల్లో ఉంటుంది, అడుగున కాదు.

బెల్టు బాగుంటే రెండు కప్పీల మధ్య ఎక్కువ పొడవున్న చోట, సరిగ్గా మధ్యలో, బొటనవేలితో గట్టిగా నొక్కాలి. చాలా పాత కార్లలో సుమారు 10 నుంచి 13 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర అంగుళం లోపలికి వెళ్లాలి. పొట్టి బెల్టున్న బండ్లకు ఇంకా తక్కువ. కారుతో వచ్చిన పుస్తకంలో రాసిన కొలతే ఖాయం.

బిగించే పద్ధతి

పానా పట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. ఆల్టర్నేటర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులు రేగుతాయి. తర్వాత ఆల్టర్నేటర్ ఊగేందుకు ఆధారమైన బోల్టును, పొడుగు గాడి ఉన్న పట్టీ మీది బోల్టును కొద్దిగా వదులు చేయాలి. కర్ర ముక్క ఆనించి ఆల్టర్నేటర్‌ను ఇంజిన్‌కు దూరంగా జరపాలి. కర్ర ముందువైపు, కప్పీ పక్కనున్న గట్టి భాగానికే ఆనాలి. వెనకవైపు బలం పెడితే పగిలిపోవచ్చు. కావలసినంత బిగువు రాగానే ముందు పట్టీ బోల్టు, తర్వాత రెండోది బిగించాలి. మళ్లీ నొక్కి చూడాలి. బ్యాటరీ తీగ తగిలించి, ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, ఇంకోసారి చూడాలి. కొత్త బెల్టు మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి.

మరీ బిగించినా నష్టమే

గట్టిగా ఉంటే మంచిదేగా అని కొందరు వీణ తీగలా లాగేస్తారు. అప్పుడు బరువంతా ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగుల మీద పడుతుంది. గుయ్యిమనే మోత వచ్చినా, పంపు దగ్గర నీటి చుక్కలు కనిపించినా మెకానిక్‌కు చూపించాలి. టైమింగ్ బెల్టు వేరు. అది మూత లోపల ఉంటుంది, దాని జోలికి ఇంట్లో వెళ్లకూడదు.

దారిలో తెగితే

ఎర్ర లైటుతో పాటు టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతుంటే ఇక ఒక్క కిలోమీటరు కూడా లాగొద్దు. ఎడమ అంచుకు తీసి, ఇండికేటర్లు వేసి, ఇంజిన్ ఆపేయాలి. పిల్లల్ని రోడ్డు వైపు దించకూడదు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

బెల్టు వీపు మీద అచ్చేసిన నంబరు రాసి పెట్టుకుని, అదే నంబరుది ఒకటి కొని డిక్కీలో ఉంచుకోవడం మంచిది. రాత్రిపూట దారిలో ఆగిపోతే మెకానిక్ దొరికినా బెల్టు దొరక్కపోవచ్చు.