7.4 మలుపులో చూపు: స్టీరింగుకు దారి చూపే కళ్లు

స్టీరింగు తిప్పేవి చేతులే అయినా, ఎప్పుడు, ఎంత తిప్పాలో చేతులకు తెలిపేవి కళ్లు. మలుపుల దారిలో చూపు ఎక్కడ నిలుస్తుందో, దాని వల్ల ఏ సమాచారం అందుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.4.1 స్పర్శ బిందువు

ఎడిన్‌బరోలో మెలికలు తిరిగే ఒక రోడ్డుపై కారు నడిపేవారి నేత్ర చలనాలను మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ నమోదు చేశారు. ఫలితాలను 1994లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. ప్రతి మలుపుకూ 1-2 సెకన్ల ముందే డ్రైవర్ల చూపు మలుపు లోపలి అంచుపై ఒక చోటికి చేరింది. మలుపు తిరుగుతున్నప్పుడు కూడా పదే పదే అక్కడికే వచ్చింది. డ్రైవరుకు లోపలి అంచు రోడ్డులోకి బాగా పొడుచుకువచ్చినట్లు కనిపించే ఈ చోటును 'స్పర్శ బిందువు' అంటారు. కంటి నుంచి ఆ అంచుకు గీసిన స్పర్శరేఖ తాకేది ఇక్కడే.

వాహనం సాగే దిశకూ ఈ బిందువుకూ మధ్య ఉన్న కోణం మలుపు తీవ్రతను తెలుపుతుంది. అంచుకూ వాహనానికీ మధ్య దూరం మారనంతవరకు, కోణం ఎంత పెద్దదైతే మలుపు అంత తీవ్రమైనది. అయితే డ్రైవర్లు చూసేది స్పర్శ బిందువును కాదనీ, తాము వెళ్లబోయే దారిలోని బిందువులననీ కొందరు పరిశోధకుల వాదన. చూపు చేతుల కంటే ముందు ఉంటుందన్న విషయంలో మాత్రం భేదం లేదు.

7.4.2 దూరపు చూపు, దగ్గరి చూపు

ల్యాండ్, హార్‌వుడ్ 1995లో మరో ప్రయోగాన్ని ప్రచురించారు. సిమ్యులేటరులో రోడ్డును సన్నని పట్టీలుగా మాత్రమే చూపించారు.

• దూరపు పట్టీ మాత్రమే కనిపించినప్పుడు స్టీరింగు సాఫీగా సాగింది. కానీ వాహనం లేనులో సరైన చోట నిలవలేదు.
• దగ్గరి పట్టీ మాత్రమే కనిపించినప్పుడు వాహనం లేనులోనే ఉంది. కానీ స్టీరింగు కుదుపులతో సాగింది.
• రెండూ కనిపించినప్పుడు, రోడ్డంతా కనిపించినట్లే నడపగలిగారు.

అంటే దూరపు చూపు రాబోయే మలుపుకు సిద్ధం చేస్తుంది. దగ్గరి సమాచారం అప్పటికే జరిగిన పొరపాటును సరిదిద్దుతుంది. దగ్గరి అంచులను నేరుగా చూడనవసరం లేదు. పరిధీయ దృష్టి సరిపోతుంది.

7.4.3 నిత్యజీవితంలో అన్వయం

గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. ఫోన్ వైపు 2 సెకన్లు చూస్తే సుమారు 33 మీటర్ల దారి చూడకుండానే దాటిపోతుంది. మలుపు గురించి ముందుగా అందవలసిన సమాచారమూ అందదు.

పొగమంచులో కనిపించేది దగ్గరి పట్టీ ఒక్కటే. వేగం తగ్గించకపోతే ఆ సమాచారం చేతులకు ఆలస్యంగా అందుతుంది. కాబట్టి వేగం తగ్గించడం బ్రేకు వేయడానికే కాదు, సరిగా తిప్పడానికి కూడా అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్పర్శ బిందువు అంటే ఏమిటి?
2. దగ్గరి పట్టీ మాత్రమే కనిపించినప్పుడు స్టీరింగు ఎందుకు కుదుపులతో సాగుతుంది?